గార్డు రైట్ ఇవ్వని ఆదివారం

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కింద రాసింది చదివాక నన్ను కూడా ఆ నమ్మేవాళ్లలో కలిపేసేవాళ్లు ఉంటారు. ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగు మీడియం బడిలో చాలా ఏళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పేది నేనే. పిల్లల్లో ఎవడైనా దెయ్యం కథ మొదలుపెడితే, “నువ్వు చూశావా, చూసినవాళ్లు చెప్పగా విన్నావా?” అని అడిగి కూర్చోబెడతాను.

ఇప్పుడు అదే ప్రశ్న నన్ను అడిగితే నా జవాబు, నేనేమీ చూడలేదు. వినలేదు కూడా. గొడవంతా అక్కడే ఉంది.

మా నాన్న నూకరాజు రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక రైల్వే క్వార్టరు వదిలేసి ఖరిదాలో మా ఇంటికి వచ్చేశాడు. మా ఆయనది రైళ్లలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. కాబట్టి నాన్నతో పోట్లాడినా, నాన్నకి వండిపెట్టినా అంతా నేనే.

మా సందు మొదట్లో దానియేలు మావయ్య ఇల్లు. ఆయన గూడ్సు బండ్లకు గార్డుగా చేశారు. నాన్న ఇంజన్లో, మావయ్య చివరి పెట్టెలో, మధ్యలో పొడవాటి వ్యాగన్ల వరస. ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు గాని పనిలో ఉన్నంతసేపూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. ఆ లోటంతా రిటైరయ్యాక తీర్చుకున్నారు. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు, మేము గుడికి వెళ్లేవాళ్లం, ఇద్దరూ కలిసి వెళ్లేది మాత్రం చెరువుకి.

గార్డు విజిల్ ఊది పచ్చజెండా ఊపితే గాని డ్రైవరు బండి కదపకూడదు. దాన్నే మా ఇళ్లల్లో రైట్ ఇవ్వడం అంటారు. సర్వీసు అయిపోయినా వీళ్లకు ఆ అలవాటు పోలేదు. ఆదివారం తెల్లవారగానే గాలాలు సైకిళ్లకు కట్టుకుని బయలుదేరేవాళ్లు. సందు మొదట్లో నిలబడి మావయ్య తన పాత ఇత్తడి విజిల్‌ని పొడుగ్గా ఒక్కసారి ఊదేవారు. మా గేటు దగ్గర నాన్న సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టి అప్పుడు పెడలు మీద కాలు వేసేవాడు.

వాన పడుతున్నా, మంచు కమ్మినా వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం నాన్నది కాదు. విజిల్ వినపడితే వెళ్లడమే, వినపడకపోతే మళ్లీ ముసుగు తన్నడమే. సర్వీసులో ఒక్కనాడు కూడా గార్డు రైట్ లేకుండా బండి కదపలేదని నాన్నకు గొప్ప. ఎవరి పిచ్చి వాళ్లకానందం అనుకుని నేను పట్టించుకునేదాన్ని కాదు.

చెరువు దగ్గర ఇంకో రకం విజిల్ ఉండేది. హిజ్లీ దాటి లోపలికి వెళ్తే ఒక పల్లెలో ఆ చెరువు ఉంది. యజమానికి టికెట్టు కట్టి, వెదురు మంచె మీద కూర్చుని గాలం వేసుకోవాలి. జీవితమంతా రాత్రి డ్యూటీలు చేసిన మనిషి కదా, నాన్న మంచె మీద కూర్చున్న కాసేపటికే కునుకు తీసేవాడు. అవతలి ఒడ్డు నుంచి మావయ్య కురచగా మూడుసార్లు ఊది, కాస్త ఆగి, మళ్లీ మూడు ఊదేవారు. డ్రైవరూ నిద్రపోయావు, నీ గాలం బెండు కదులుతోంది అని దానర్థం. చుట్టూ ఉన్న బెంగాలీ పెద్దమనుషులు చేపలు బెదిరిపోతున్నాయని ఇద్దర్నీ కలిపి తిట్టేవాళ్లు. టిఫిను పట్టుకెళ్లినప్పుడు ఒకటి రెండుసార్లు ఆ విజిల్ నేనూ విన్నాను.

నేను చెప్పబోయే ఏడు వానాకాలంలో దానియేలు మావయ్య పోయారు. జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి మళ్లీ రాలేదు. నాన్న ఏడవలేదు. మాట్లాడటం తగ్గించేశాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఆదివారం తెల్లారేసరికి లేచి, తయారై, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

నెల గడిచాక మావయ్య భార్య మేరమ్మ అత్త వచ్చి ఆ విజిల్ నాన్న చేతిలో పెట్టింది. ఆకుపచ్చ తాడు కూడా అలాగే ఉంది. నాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి నాకిచ్చాడు.

“డ్రైవరు తనకి తాను రైట్ ఇచ్చుకోకూడదమ్మీ. ఇకనించి గార్డువి నువ్వే” అన్నాడు.

అలా నా మెడకు పడింది. సైకిలు మాన్పించేశాను కాబట్టి నా స్కూటీ మీద తీసుకెళ్లాలి. బయలుదేరే ముందు గేటు దగ్గర నిలబడి నేను విజిల్ ఊదాలి. వెనక సీట్లో నాన్న గాలాలు పట్టుకుని కూర్చుంటాడు. నేను హారను రెండుసార్లు కొట్టాలి. అప్పుడు గాని బండి కదలకూడదు. గార్డూ నేనే, ఇంజనూ నేనే. మొదట్లో సిగ్గుతో చచ్చేదాన్ని. మా స్కూలు పిల్లలెవరైనా చూస్తే ఇంకేముంది.

దుర్గాపూజ అయ్యాక పక్కింట్లోకి శిఖా దీదీ వాళ్లు కొత్తగా అద్దెకు వచ్చారు. ఆమె భర్త తపన్‌దా టోటో నడుపుతాడు. అంటే ఇక్కడి బ్యాటరీ రిక్షా. ప్రతి ఆదివారం ఆ పొడుగు విజిల్ విని ఆమె ఒకరోజు గోడ మీంచి తొంగిచూసి, మీ ఇంట్లో ఎవరైనా పోలీసులున్నారా దీదీ అని అడిగింది. విషయం చెబితే నవ్వింది. దానియేలు మావయ్యను ఆమె చూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

ఇక ఆ డిసెంబరు సంగతి. ప్రతి ఏడూ క్రిస్మస్‌కి ముందు ఆదివారం నాన్న గాలానికి పడ్డ చేప మావయ్య ఇంటికి వెళ్లడం ఆనవాయితీ. మేరమ్మ అత్త దాన్ని పులుసు పెడుతుంది, క్రిస్మస్ నాడు రెండు కుటుంబాలూ కలిసి తింటాం. వాళ్ల ఇంటి నుంచి మాకు గులాబీ పువ్వులనే పిండివంట డబ్బా వస్తుంది. మనిషి పోయినా చేప మానకూడదని నాన్న పట్టు.

సరిగ్గా ఆ వారమే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. సన్నటి తుంపర, దాని మీద ఉత్తరపు గాలి, పొద్దున లేస్తే ఎదురింటి గోడ కనపడనంత మంచు. రైళ్లన్నీ ఆలస్యం. మా ఆయన ఎక్కడో స్టేషను కాని చోట ఆగిన బండిలో ఉండి, టీ కూడా దొరకట్లేదని ఫోన్లో విసుక్కున్నారు. అసలే చలికాలంలో చేప ఎర ముట్టదు. పైగా నాన్న రెండు రోజులుగా ఎడమ భుజం లాగుతోందంటున్నాడు. చలికి పట్టేసి ఉంటుందని ఆవనూనె కాచి రాశాను. సైన్సు టీచర్ని, నాకా మాత్రం తట్టలేదు.

“ఈ ఆదివారం వద్దు నాన్నా. గోల్‌బజార్‌లో మంచి రూయి చేప కొని పంపిద్దాం” అన్నాను.

“కొన్న సేప ఎవులైనా పంపుతారు” అన్నాడు. అంతే.

శనివారం సాయంత్రం మేరమ్మ అత్త గొడుగేసుకుని వచ్చింది. వరండాలో నిలబడే చెప్పింది.

“అన్నయ్యా, ఈ ఏడాది సేప ఒద్దు. ఈ సలిలో నువ్వు ఎల్లకు. ఆయనే నేకపోయాక పులుసెందుకు, పండగెందుకు?”

నాన్న తలొంచుకుని “అలగ అనకమ్మా” అన్నాడు. ఆమె వెళ్లిపోయింది. ఆ రాత్రి నాన్న కంచం ముందు కూర్చుని, అన్నం వేళ్లతో అటూ ఇటూ జరిపి లేచిపోయాడు.

నేను కూర్చుని ఆలోచించాను. తీసుకెళ్తే చలి. తీసుకెళ్లకపోతే ఈ మనిషి ఇలాగే కరిగిపోతాడు. డెబ్బై దాటినవాడికి జలుబు చేస్తే మందుంది, దీనికి మందు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి, వాన లేకపోతే వెళ్దాం, పొద్దున చూద్దాం అన్నాను.

ఆ ఒక్క మాటకే మనిషి లేచాడు. నేను కూర వండుకునే మంచి మూకుడు తీసుకుని అందులో తెలకపిండి, మెంతులు వేయించి మేత తయారుచేశాడు. ఇల్లంతా కంపు. మామూలుగా అయితే నేను రణరంగం చేసేదాన్ని. మూకుడు పోతే పోయింది, మనిషి కదిలాడు, అదే చాలనుకున్నాను.

ఆదివారం లేచేసరికి వాన ఆగింది గాని మంచు అలాగే ఉంది. వీధి దీపం ఒక పసుపు మరకలా కనపడుతోంది తప్ప స్తంభం కనపడటం లేదు. ఒక్క మనిషి అలికిడి లేదు. చలికి అందరూ కిటికీలు బిగించుకుని పడుకున్నారు. నాన్న స్వెటరు మీద కోటు, తలకు మంకీ క్యాప్ వేసుకుని నాకంటే ముందే గేటు దగ్గర ఉన్నాడు. ఫ్లాస్కులో టీ పోశాను, ఉప్మా డబ్బాలో పెట్టాను. వెళ్లాలా వద్దా అన్న పీకులాట అప్పటికీ పోలేదు. అయినా స్కూటీ బయటకు తీశాను. నాన్న వెనక కూర్చున్నాడు.

విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాను. మోగలేదు.

మళ్లీ ఊదాను. గాలి బుస్సుమని వచ్చింది గాని కూత రాలేదు. అరచేతిలో కొట్టి, విదిలించి, కొంగుతో తుడిచి మూడోసారి ఊపిరంతా పెట్టి ఊదాను. చల్లారిన బొగ్గుల మీద గొట్టంతో ఊదినట్టు ఉత్త గాలి.

నాన్న మెల్లగా కాలు కిందపెట్టి దిగిపోయాడు.

“ఏటయింది నాన్నా?”

“గార్డు రైట్ ఇవ్వనేదు. బండి కదలదు.”

నాకు ఒళ్లు మండింది. “లోపల కార్కు గోళీ ఉంటుంది, తడికి ఉబ్బి ఇరుక్కుంది. నోటితో వేస్తాను ఈల. లేదంటే హారను కొడతాను. ఎక్కు” అన్నాను.

“రూలు రూలే అమ్మీ.”

“తెల్లారకుండా లేచి ఇంత చేస్తే ఇప్పుడా రూలు? నేను వద్దన్నప్పుడు వినలేదు, ఎల్దాం అన్నప్పుడు దిగుతావేం?”

“నువ్వు సెప్తే ఇననవసరం నేదు. ఆడు సెప్తే ఇనాల” అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా. గాలాలు గోడకు ఆనించి, వరండాలో కుర్చీలో కూర్చుని, “సూద్దాం. కాసేపుంటే సిగ్నల్ పడతాది” అన్నాడు.

నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. స్కూటీ స్టాండు వేసి, విజిల్ స్వెటరు జేబులో పడేసి లోపలికి వెళ్లాను. దాన్ని పొయ్యి దగ్గర వేడిచేస్తే గోళీ ఆరుతుందని అనుకున్న మాట నిజం. కాని ఆ పని చెయ్యలేదు. కోపంలో ముందు గ్యాసు మీద టీకి నీళ్లు పెట్టాను. ఫ్లాస్కులో ఉన్న టీ సంగతి కూడా గుర్తులేదు. ఇంతకీ చెప్పేదేమిటంటే, విజిల్ నా జేబులోనే ఉంది.

నీళ్లు మరగకముందే వరండాలో ఏదో కింద పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే మేత డబ్బా. నాన్న మంకీ క్యాప్ తీసేసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆ చలిలో నుదురంతా చెమట. మొహం బూడిద రంగులో ఉంది. నన్ను చూసి ఏదో అనబోయి కుర్చీలోంచి పక్కకి జారిపోయాడు.

పట్టుకున్నాను. తల నా ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాను. ఫోను లోపల చార్జింగులో ఉంది. వదిలి వెళ్తే ఊపిరి ఆగిపోతుందేమోనని భయం, వెళ్లకపోతే సాయం రాదు. అరవాలనుకున్నాను. గొంతు రాలేదు. క్లాసులో చివరి బెంచీ దాకా వినపడే గొంతు నాది, ఆ రోజు గాలి తప్ప ఏమీ రాలేదు. నాన్నా, నాన్నా అని గొణుగుతున్నాను. ఆ మాట గేటు దాకా కూడా వినపడి ఉండదు.

అలా ఎంతసేపున్నానో చెప్పలేను. ఎక్కువసేపు మాత్రం కాదు. గేటు ధనేలుమని తెరుచుకుంది. మంచులోంచి తపన్‌దా లుంగీ మీద, చేతిలో టోటో తాళంతో పరిగెత్తుకొచ్చాడు. వెనకే శిఖా దీదీ చెప్పుల్లేకుండా. ఏమైందని కూడా అడగలేదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని నాన్నను లేపారు. టోటోలో నా ఒడిలో పడుకోబెట్టారు. తపన్‌దా కనపడని దారిలో హారను మీద చెయ్యి తీయకుండా ఆసుపత్రి దాకా తోలాడు.

గుండెపోటు. సమయానికి తెచ్చారని డాక్టరు అన్నారు. ఇంటి దగ్గరే ఉన్నారు కాబట్టి సరిపోయింది, ఎక్కడైనా దూరంలో ఉంటే చెప్పలేకపోయేవాళ్లం అని కూడా అన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. విజిల్ మోగి ఉంటే ఆ సమయానికి మేము హిజ్లీ దాటి, మంచులో, పొలాల మధ్య ఉండేవాళ్లం. అక్కడ ఫోను సిగ్నల్ కూడా సరిగా ఉండదు.

అంతవరకూ నాకు పేచీ లేదు. తడికి కార్కు ఉబ్బింది, అదృష్టం బాగుంది. అలా అనుకుని నిద్రపోయేదాన్నే.

నాన్నను లోపలికి తీసుకెళ్లాక బయట బెంచీ మీద శిఖా దీదీ పక్కన కూర్చున్నాను. ఆమె నా చేతులు రుద్దుతోంది. అప్పుడు అడిగాను, అంత పొద్దున్నే మీరు ఎలా వచ్చారు దీదీ అని.

“ఎలా రావడమేంటి? నువ్వే కదా సీటీ ఊదావు” అంది బెంగాలీలో.

నేను మొదట అర్థం చేసుకోలేదు. మోగలేదు దీదీ, అందుకే మేము ఆగిపోయాం అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎప్పుడూ ఊదే పొడుగుది కాదట. ముందు మంచం మీదే పడుకుని, ఇవాళ కూడా వెళ్తున్నారా వీళ్లు అని తిట్టుకుందట. కాని అది ఆగలేదట. ఆగి ఆగి మోగుతూనే ఉందట. ఏదో అయింది, లే అని తపన్‌దాని ఆమే లేపిందట. తలుపు తీశాక కూడా వినపడి, మా గేటు దాటగానే ఆగిపోయిందట.

“ఎలా మోగింది?” అని అడిగాను.

ఆమె నాలుక పళ్ల మీద పెట్టి చేసి చూపించింది. కురచగా మూడు. కాస్త ఆగింది. మళ్లీ మూడు.

నా జేబులోంచి విజిల్ తీశాను. ఆసుపత్రి అని కూడా చూడకుండా మెల్లగా ఊదాను. బుస్సుమని గాలి. శిఖా దీదీ దాని వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

తర్వాత నేను ఊరుకోలేదు. తపన్‌దాని విడిగా అడిగాను. ఆయన నిద్రలో ఉన్నాడు కాబట్టి మొదలు వినలేదు గాని, తలుపు తీసేటప్పుడు విన్నాను, మీ వరండాలోంచే వచ్చింది అన్నాడు. మా సందులో కాపలావాడు లేడు. దగ్గర్లో మైదానం ఉంది, ఆదివారాలు పిల్లలకు కవాతు నేర్పుతారు. కనుక్కున్నాను, వాన వల్ల ఆ రోజు ఎవరూ రాలేదు. ఎదురింటివాళ్లు ఏమీ వినలేదు. వాళ్ల కిటికీలు మూసి ఉన్నాయి. మేరమ్మ అత్త ఆ సమయానికి లేచి ప్రార్థన చేసుకుంటూ ఉంది. ఆమె కూడా ఏమీ వినలేదు. అన్నిటికంటే పెద్ద సాక్షిని నేను. ఆ వరండాలోనే ఉన్నాను, నేను వినలేదు.

పోనీ శిఖా దీదీ కలగన్నదేమో అంటారా? అనొచ్చు. కాని ఆ మూడూ మూడూ ఆమెకు ఎలా తెలుసు? ఆమె వచ్చేసరికే మావయ్య లేరు. నేనెప్పుడూ అలా ఊదలేదు. ఆ చెరువు మొహం ఆమె ఎరగదు. నాన్న ఎప్పుడైనా చెప్పాడేమో అని అడిగాను. మీ నాన్న నమస్తే తప్ప నాతో ఇంకో మాట మాట్లాడితే కదా అంది. అదీ నిజమే.

రెండు రోజుల తర్వాత బట్టల కోసం ఇంటికి వచ్చాను. ఎండ కాసింది. మేడ మీదికి వెళ్లి విజిల్ ఊదాను. సందంతా గింగురుమంది. పావురాలు లేచిపోయాయి. కార్కు ఆరింది కాబట్టి మోగింది, ఇందులో వింతేమీ లేదని పైకే చెప్పుకున్నాను. రెండోసారి ఊదడానికి మాత్రం మనసొప్పలేదు.

క్రిస్మస్ ఆసుపత్రిలోనే గడిచింది. ఆ రోజు మధ్యాహ్నం మేరమ్మ అత్త స్టీలు క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆమే బజారుకు వెళ్లి చేప కొని పులుసు పెట్టింది. నాన్నకు కారం కూడదన్నారు కాబట్టి ఆయనకు విడిగా చప్పగా వండింది. నాన్న రెండు ముద్దలు తిని, “కొన్న సేపే గదా?” అన్నాడు. “అవును అన్నయ్యా, కొన్నదే. తిను” అంది. తిన్నాడు. ఆమె బయటికి వచ్చి నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. మావయ్య పోయిన నాడు కూడా అంత ఏడవలేదు. నేనూ ఏడ్చాను.

ఆమెకు విజిల్ సంగతి నేను పూర్తిగా చెప్పలేదు. విన్నావా అని మాత్రం అడిగాను. ఎందుకు చెప్పలేదంటే, భర్త విజిల్ ఎవరికో వినపడి తనకు వినపడలేదని తెలిస్తే ఆమె మనసు ఏమవుతుందో అని. ఇది చదివితే నన్ను క్షమిస్తుందనుకుంటున్నాను.

నాన్నకు కూడా చెప్పదల్చుకోలేదు. కాని ఇంటికి తెచ్చిన వారానికి, వరండాలో ఎండకు కూర్చోబెట్టి మందులిస్తుంటే ఆయనే అడిగాడు. ఆ రోజు ఇంట్లో నువ్వొక్కతివే గదా, ఎవులు తెచ్చినారు నన్ను అని. ఇక దాచలేదు. విజిల్ నా జేబులో ఉండటం, అది మోగకపోవడం, శిఖా దీదీ విన్నది, చేసి చూపించింది, అన్నీ చెప్పాను. దాంతో పాటు కార్కు సంగతి, మంచులో శబ్దం ఎక్కడిదో తెలియకుండా వినపడటం సంగతి, నాకు తెలిసిన సైన్సంతా చెప్పాను.

నాన్న అంతా విన్నాడు. ఆశ్చర్యపోలేదు. మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగి, గ్లాసు నా చేతికిచ్చాడు.

“నిద్రపోయినాను గదే మరి. లేపినాడు” అన్నాడు.

విజిల్ ఎందుకు మోగలేదో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. ఎలా మోగిందో మాత్రం చెప్పలేను.

ఫాల్గుణంలో డాక్టరు కాస్త తిరగమన్నాక మళ్లీ ఆదివారాలు మొదలుపెట్టాం. చెరువు కూడా మార్చేశాం. ఇందా అనే పేట దాటగానే దగ్గర్లో ఒక చిన్న చెరువు ఉంది. చేపలు తక్కువ, రోడ్డు దగ్గర. నాన్న కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

మా ఆయన ఇదంతా విని, ఆ గోళీ మార్పించేసెయ్, ప్లాస్టిక్‌వి వస్తున్నాయి, తడికి ఉబ్బవు అన్నారు. బాగానే చెప్పారు. సైన్సు టీచరు చెయ్యాల్సిన పని కూడా అదే. ఇంతవరకూ మార్పించలేదు. ఎందుకని అడిగితే బజారుకు వెళ్లడానికి తీరలేదంటున్నాను.

ప్రతి ఆదివారం గేటు దగ్గర స్కూటీ నిలబెడతాను. నాన్న వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేస్తాడు. విజిల్ నోట్లో పెట్టుకుంటాను. ఆకాశం ఎంత తేటగా ఉన్నా, ఊదే ముందు ఒక్క క్షణం ఆగుతాను. మోగితే ఊపిరి పీల్చుకుని, హారను రెండుసార్లు కొట్టి బండి కదుపుతాను. మోగని రోజంటూ వస్తే, ఎక్కు అని నాన్నతో ఇంక వాదించను.